పాత ఎంజీబీనా, కొత్త మియాటానా: సరదా కారు కొనేముందు

ముందు చక్రాల ఇరుసు నుంచి వెనక చక్రాల ఇరుసు దాకా కొలిస్తే ఎంజీబీ 2,311 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962లో తయారీ మొదలై 1980లో ఆగిపోయిన కారు అది. ఇప్పుడు హిరోషిమాలో తయారవుతున్న మాజ్దా ఎంఎక్స్-5లో అదే దూరం 2,310 మిల్లీమీటర్లు. ఈ రెండో కారునే అమెరికాలో అందరూ మియాటా అంటారు. మొత్తం పొడవులో కూడా రెంటికీ మధ్య తేడా రెండున్నర సెంటీమీటర్లే. బరువు రెంటిదీ టన్నుకు కాస్త అటూ ఇటూ. ఇంజిన్ ముందు, శక్తి వెనక చక్రాలకు, రెండే సీట్లు, చేత్తో మడిచే గుడ్డ టాప్.

ఇది కాకతాళీయం కాదు. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల విలేకరి మాజ్దాలో పరిశోధన విభాగం చూస్తున్న కెనిచి యమమోటోతో మాట్లాడుతూ, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల (టాప్ తెరిచే రెండు సీట్ల కార్ల) లాంటి తేలికైన, చవకైన కారు మళ్లీ కావాలన్నాడు. తర్వాత హాల్ ఆ కంపెనీలోనే చేరాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటా బయటికొచ్చింది. అప్పటికి ఎంజీబీ ఆగిపోయి ఎనిమిదేళ్లు దాటింది. ఆ ఖాళీని మాజ్దా ఎంత బాగా పట్టుకుందంటే 2016 నాటికి పదిలక్షల మియాటాలు తయారయ్యాయి.

అందుకే స్పోర్ట్స్ కారు, పాత కన్వర్టిబుల్ మధ్య ఊగిసలాడే వారికి నేను ఈ జంటనే ముందు చూపిస్తాను. కొత్త పోర్షాను 1950ల నాటి క్యాడిలాక్‌తో పోల్చి లాభం లేదు, ఆ రెండూ వేరే జాతులు. ఇక్కడ ఉన్నది మాత్రం ఒకే ఆలోచనకు రెండు రూపాలు. కాబట్టి తేడా ఎక్కడుందో తేటగా కనిపిస్తుంది.

ఈ సలహా ముఖ్యంగా అమెరికాలో స్థిరపడిన వారికి. ఇంట్లో ఒక క్యామ్రీ, ఒక పెద్ద వ్యాను ఇప్పటికే ఉన్నాయి, పిల్లలు కాస్త ఎదిగారు, వారాంతాల్లో నడుపుకోవడానికి ఒక సరదా కారు కొనాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. అలాంటివారు మొదట చూసేది అశ్వశక్తి, వేగం. ఆ అంకెలు ఒక్క నిమిషంలో తేలిపోతాయి. తొలినాళ్ల ఎంజీబీకి 95 అశ్వశక్తి, ఇప్పటి మియాటాకు 181. నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్లు అందుకోవడానికి ఎంజీబీకి 12 సెకన్లు పడుతుంది, మియాటాకు అందులో సగం చాలు. ఈ పోటీలో ఎవరు గెలుస్తారో అడగనక్కర్లేదు.

అసలు అడగవలసింది కారు కదలకుండా ఉన్న గంటల గురించి. బానెట్ తెరిచి, చేతులకు గ్రీజు అంటించుకుని, ఒక చిన్న స్క్రూ పావు వంతు తిప్పి ఇంజిన్ శబ్దం మారిందా లేదా అని చెవి పెట్టి వినే శనివారం ఉదయం మీకు విందా, శిక్షా? నిజాయతీగా దీనికి జవాబు చెప్పుకోగలిగితే మిగతాదంతా దానంతట అదే తేలుతుంది.

రోడ్డు మీద

ఎంజీబీ నడపడం ఒళ్లంతా పెట్టి చేసే పని. పవర్ స్టీరింగ్ లేదు. సన్నని పెద్ద చక్రం పార్కింగ్ చోట బరువుగా తిరుగుతుంది, వేగం అందుకున్నాక తేలికై రోడ్డు మీది ప్రతి గతుకునూ అరచేతికి చెబుతుంది. గేర్ కర్ర పొట్టిది, గట్టిగా పడుతుంది. 1967 చివరిదాకా వచ్చిన కార్లలో మొదటి గేర్‌కు సింక్రో, అంటే గేరు సాఫీగా పడేలా పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు, లేదు. కారు పూర్తిగా ఆగకుండా అందులోకి నెడితే పళ్లు గీసుకుంటాయి. చలికాలం ఉదయం చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజిన్ కుదురుకునేదాకా ఓపిక పట్టాలి. దిగాక బట్టలకు పెట్రోలు వాసన కాస్త అంటుకుంటుంది. కొందరికి అది ఇష్టం కూడా.

మియాటాలో ఇవేవీ లేవు. బటన్ నొక్కితే మొదలవుతుంది. టాప్‌కు ఒక్కటే లాచ్. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీట్లోంచి లేవకుండా ఒక్క చేత్తో వెనక్కి పడేయవచ్చు. ఇంజిన్ నిమిషానికి 7,500 తిరుగుళ్ల దాకా హాయిగా పరుగెడుతుంది. ఏసీ టాప్ తెరిచి ఉన్నా కాళ్లకు చల్లగా తగులుతుంది. జూలైలో డాలస్‌లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఎంజీబీలో ఎండాకాలం గేర్‌బాక్స్ మీది సొరంగం నుంచి వేడి కాళ్లకు కొడుతుంది, ఏసీ ఉండదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కళ్లు ఉష్ణోగ్రత ముల్లు మీదే ఉంటాయి.

అయితే వేగం తగ్గించి చూడండి, లెక్క తారుమారవుతుంది. నార్త్ కరోలినా, వర్జీనియాల కొండల మీదుగా 469 మైళ్లు సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వేను తీసుకోండి. షార్లెట్, ర్యాలీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి వెళ్లే దారే. లారీలను రానివ్వరు, వేగ పరిమితి ఎక్కడా గంటకు 45 మైళ్లు దాటదు. ఆ వేగంలో మియాటా సగం నిద్రలో ఉంటుంది. దాని సత్తా బయటపడే వేగానికి పోలీసు జీపు వెనక పడుతుంది. ఎంజీబీ మాత్రం ఆ 45 మైళ్లలోనే తన దగ్గరున్నదంతా పెడుతుంది. మలుపుకు ముందు గేరు తగ్గించి, సన్నని టైర్ల పట్టు ఎంతో అంచనా వేసుకుని, మలుపు దాటాక మళ్లీ ఊపందుకోవడం, ఇదంతా చట్టం ఒప్పుకునే వేగంలోనే దొరుకుతుంది. ఇప్పటి స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి, మియాటా కంటే శక్తిమంతమైన వాటికి మరీ ముఖ్యంగా, ఇది ఎప్పటికీ తీరని బెంగ.

కానీ ఆ పార్క్‌వే దాకా చేరాలంటే ముందు హైవే ఎక్కాలి. ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగంలో ఇంజిన్ తిరుగుళ్లను తగ్గించే అదనపు గేరు, లేని ఎంజీబీ గంటకు 70 మైళ్ల దగ్గర నిమిషానికి దాదాపు 3,900 తిరుగుళ్లతో గోల పెడుతుంది. ఓవర్‌డ్రైవ్ ఉంటే అది 3,200 దగ్గరకు దిగుతుంది, పక్కసీటు మనిషితో మాట్లాడగలుగుతారు. అందుకే ఎంజీబీ కొనేవాళ్లకు రంగు, సీట్ల తోలు, వైర్ చక్రాలు అన్నీ తర్వాత, ఓవర్‌డ్రైవ్ ముందు అంటాను.

ఒక చిన్న మాట పొడుగువాళ్లకు. చూడటానికి ఇరుకుగా ఉన్నా ఎంజీబీలో సీటు బాగా వెనక్కి జరుగుతుంది, ఆరడుగులవారూ కాళ్లు చాపుకోవచ్చు. ఇప్పటి మియాటా అలా కాదు. 2019 నుంచి స్టీరింగ్ ముందుకూ వెనక్కూ జరిపే వీలొచ్చింది కానీ తల, మోకాళ్లు ఇంకా ఇబ్బందే. షోరూంలో కూర్చుని చూడకుండా బయానా ఇవ్వకండి.

తుప్పు సంగతి

ఎంజీబీ మీద పెట్టే డబ్బు ఎక్కడ పోతుందో తెలియాలంటే అది ఎలా కట్టారో తెలియాలి. దానికి విడిగా చాసిస్ లేదు. బాడీయే దాని ఎముకలు. పైకప్పు లేని కారు కాబట్టి మధ్యలో విరగకుండా పట్టుకునే భారమంతా తలుపుల కింద నడిచే సిల్ అనే ఉక్కు పెట్టెల మీద పడుతుంది. బయటికి కనిపించే రేకు వెనక మరో రేకు, దాని వెనక ఇంకొకటి ఉంటాయి. నీళ్లు, రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడ చేరి లోపలి నుంచి తినేస్తాయి. పైన కొత్త రంగు తళతళలాడుతుంటుంది, లోపల ఏమీ మిగలదు.

కనిపెట్టడం కష్టం కాదు. అమ్మేవారి అనుమతితో కారును వెనక భాగంలో జాక్ మీద కొద్దిగా లేపి తలుపు తెరిచి మూయండి. మూసేటప్పుడు తలుపు పట్టేసినా, తలుపు పైభాగంలో సందు ఇరుకైనా సిల్ బలహీనపడిందని అర్థం. ఒక అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి సిల్ పొడవునా, ముందు ఫెండర్ల అడుగున, వెనక చక్రాల ముందు జరపండి. పట్టుకోని చోట ఉక్కు లేదు, పుట్టీ ఉంది. సీట్ల వెనక బ్యాటరీలు కూర్చునే పెట్టెల్లో చెయ్యి పెట్టి చూడండి. 1970ల మధ్యదాకా ఈ కారులో ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు అక్కడ ఉండేవి. యాసిడ్ కారి ఆ పెట్టెలు పోవడం మామూలే. కార్పెట్ లేపి నేల చూడటానికి ఒప్పుకోని యజమాని దగ్గర కారు చూడటం అక్కడితో ఆపేయండి.

సిల్ మార్చడం సాధ్యమే, రేకులు దొరుకుతాయి. అయితే తలుపుల చోట అడ్డంగా ఇనుప కమ్మీలు బిగించకుండా పాత సిల్ కోసేస్తే కారు మధ్యలో కుంగి వంకరైపోతుంది. తర్వాత తలుపులు ఎప్పటికీ సరిగ్గా పడవు. ఈ పని చేసినవారు ఫొటోలు తీసి ఉంచుతారు. ఫొటోలు లేకుండా ‘సిల్స్ కొత్తవే’ అన్న మాటకు విలువ లేదు.

ఇంజిన్ గురించి ఇంత దిగులు అక్కర్లేదు. 1,798 సీసీల ఆ బి-సిరీస్ ఇంజిన్ మొండిది, మొరటుది, రిపేరు చేయడానికి అతి సులువు. 1964 చివరి నుంచి క్రాంక్‌షాఫ్ట్‌కు మూడు బదులు ఐదు బేరింగులు వచ్చాయి, అప్పటి నుంచి మరింత గట్టిపడింది. చూడటానికి వెళ్లేముందు ఇంజిన్ వేడి చేసి ఉంచవద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా మొదలవుతుందో, నీలం పొగ వస్తుందో లేదో చూడాలి. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు రోడ్డు మీద 50 దాటి నిలబడితే సంతోషించండి.

కరెంటు సంగతి మాత్రం చెప్పుకోక తప్పదు. ఈ కారులో లూకాస్ కంపెనీ వైరింగ్ ఉంటుంది, బ్రిటిష్ కార్ల యజమానులు ఆ పేరును ‘చీకటి యువరాజు’ అని వేళాకోళం చేస్తారు. నిజానికి నేరం చాలాసార్లు లూకాస్‌ది కాదు, యాభై ఏళ్లలో కిలుము పట్టిన కనెక్టర్లది, బాడీకి సరిగ్గా ఆనని ఎర్త్ వైర్లది. మొత్తం కారుకు రెండో నాలుగో ఫ్యూజులు. ఒక సాయంత్రం కూర్చుని ఉప్పుకాగితంతో అన్ని కొసలూ రుద్ది బిగిస్తే సగం దెయ్యాలు దిగిపోతాయి. 1967 దాకా వచ్చినవి మాత్రం పాజిటివ్ ఎర్త్ కార్లు, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపినవి; తెలియక ఇప్పటి రేడియోనో ఫోను చార్జరునో మామూలుగా కలిపితే కాలిపోతుంది.

మియాటాకు ఇలాంటి పురాణం లేదు. ఆయిల్ మార్చడం, టైర్లు చూసుకోవడం, టాప్ వెనక నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు చేరకుండా శుభ్రం చేసుకోవడం. ఈ చివరిది మాత్రం మరవకూడదు, గొట్టాలు మూసుకుపోతే నీళ్లు కారు లోపలికి వస్తాయి. పాతది కొంటే 2016 నుంచి 2018 దాకా వచ్చిన రెండు లీటర్ల ఇంజిన్‌కు 155 అశ్వశక్తి అని, 181 వచ్చింది 2019 మోడల్‌తోనని గుర్తుంచుకోండి. తొలి రెండేళ్ల మాన్యువల్ గేర్‌బాక్సులు కొన్ని ఇబ్బంది పెట్టాయి, తర్వాత కంపెనీ వాటిని మార్చుతూ వచ్చింది. కాబట్టి 2019 తర్వాతివే చూడమంటాను. నా లెక్కలో మియాటా నిర్వహణకు ఈ ఒక్క పేరా చాలు. అదే దాని గొప్ప.

డబ్బు లెక్క

కొత్త మియాటా ధర 30 వేల డాలర్ల దరిదాపుల్లో మొదలవుతుంది. చక్కగా నడిచే ఎంజీబీ అందులో సగానికో, అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. ఇది చూసి పాతదే చవక అనుకోవడం సహజం.

విడిభాగాల వరకు ఆ మాట నిజమే. ఎంజీబీలు మొత్తం ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో పెద్ద భాగం అమెరికాకే వచ్చింది. కాలిఫోర్నియాలోని మోస్ మోటార్స్ 1948 నుంచి బ్రిటిష్ కార్ల భాగాలు అమ్ముతోంది. ఇంగ్లండ్‌లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వారు పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీని సరికొత్తగా తయారుచేసి ఇస్తున్నారు. పదిహేనేళ్ల జపాన్ కారుకు దొరకని ప్లాస్టిక్ ముక్కలు ఎన్నో ఉంటాయి, యాభై ఏళ్ల ఎంజీబీకి దొరకనిది దాదాపు లేదు.

అసలు ఖర్చు పనివాడి కూలిలో ఉంది. ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే రెండు ఎస్‌యూ కార్బురేటర్లను ఒకదానితో ఒకటి సరితూచగల మెకానిక్ ప్రతి ఊళ్లో ఉండడు. ఉన్నచోట గంటకు వంద డాలర్లు దాటి తీసుకుంటాడు. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ అనే కడ్డీలకు మూడు వేల మైళ్లకోసారి గ్రీజు కొట్టాలి, వాల్వుల సందులు సరిచేయాలి, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు చూడాలి. ఈ పనులు మీరే చేసుకుంటే ఎంజీబీ చవక. ప్రతిదానికీ బయటికి పంపితే, నాలుగేళ్లలో కొత్త మియాటా కంటే అదే ఎక్కువ తినే అవకాశం ఉంది. పైగా ఇన్సూరెన్స్, వారంటీ, అప్పు మీద వడ్డీ లాంటివి కాగితం మీద కనిపిస్తాయి, ఈ ఖర్చు కనిపించదు.

ఇన్సూరెన్స్ దగ్గర పాత కారుకు ఒక లాభం ఉంది. సేకరణ కార్ల పాలసీల్లో కారు విలువ ఎంతో ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటారు, ప్రమాదంలో పోతే అంతా ఇస్తారు. ప్రీమియం కూడా తక్కువే. ప్రతిగా కొన్ని షరతులు పెడతారు: రోజూ నడపడానికి వేరే కారుండాలి, ఇది తాళం వేసిన గ్యారేజీలో ఉండాలి, ఆఫీసుకు వేసుకెళ్లకూడదు. మామూలు పాలసీ మీద ఎంజీబీని నడిపితే, జరగరానిది జరిగినప్పుడు పాత ఇనుము ధర కట్టి పంపిస్తారు.

ఆ గ్యారేజీ మాట దగ్గర కాస్త ఆగుదాం. మన ఇళ్లలో గ్యారేజీ అంటే కార్లకు తప్ప అన్నిటికీ చోటుండే గది. బియ్యం బస్తాలు, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, పిల్లల సైకిళ్లు, కొలువు అయిపోయాక అట్టపెట్టెల్లో సర్దిన బొమ్మలు. అందులో ఒక కారు పెట్టడమే కాదు, దాని చుట్టూ తిరిగి పని చేసుకునే జాగా కూడా కావాలి. ఇళ్ల సంఘం నియమాలున్న కాలనీల్లో వాకిట్లో కారును స్టాండ్ల మీద లేపి వదిలేస్తే రెండో రోజుకు నోటీసు వస్తుంది. గ్యారేజీ ఖాళీ చేసుకోలేనివారు ఎంజీబీ ఆలోచన మానుకోవడం మేలు. మియాటా బయట కూడా బతుకుతుంది.

ఒంటి మీదికి వస్తే

ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. మియాటాలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, జారినప్పుడు కారును నిలబెట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్నాయి. ఎంజీబీలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మీ కాలు, అంతే. పక్క నుంచి పికప్ ట్రక్కు గుద్దితే మధ్యలో ఉండేది పల్చటి రేకు తలుపు. పైగా ఆ ట్రక్కు డ్రైవరుకు తన కిటికీ కింద ఈ కారు కనపడనే కనపడదు.

అయినా ఎంజీబీయే కావాలనుకుంటే కనీసం 1968 మోడల్ నుంచి మొదలుపెట్టండి. అమెరికా భద్రతా నియమాల వల్ల ఆ ఏడాది నుంచి ఇక్కడికి వచ్చిన కార్లలో బ్రేకులు రెండు విడి మార్గాలుగా పని చేస్తాయి, ఒక గొట్టం పగిలినా రెండోది ఆపుతుంది. అంతకు ముందున్న వాటిలో ఒక్క రబ్బరు గొట్టం పోతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. కొన్న వారంలోనే బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయించండి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది, ఆ కారుకు నిప్పంటుకోవడానికి అదొక ముఖ్య కారణం. టైరు పక్కన అచ్చువేసిన చివరి నాలుగంకెలు అది ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరును నమ్మకండి.

పిల్లలను ఎక్కించుకునే ఆలోచన ఉంటే రెండూ వద్దు.

ఎంజీబీలో ఏది

ప్రేమికులంతా క్రోమ్ బంపరు కార్లంటారు, నేనూ అంతే. 1974 చివరలో అమెరికా బంపరు నియమాలకు తగ్గట్టు పెద్ద నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, కారు ఎత్తు అంగుళం, అంగుళంన్నర పెంచారు. మలుపుల్లో అది పక్కకు వాలడం మొదలైంది. ఆ తర్వాత కాలుష్య నియమాల కోసం రెండు కార్బురేటర్లు తీసి ఒక్కటి పెట్టారు, శక్తి అరవై పైచిలుకు అశ్వశక్తికి జారింది. అందువల్లే రబ్బరు బంపరువి చవక. చవకగా వచ్చే ఆ కారును క్రమంగా సరిచేసుకునే ఓపిక ఉన్నవారికి అది మంచి బేరమే. కాలిఫోర్నియాలో ఉండేవారికి మరో మాట: 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. పరీక్ష ఉన్నచోట అసలు కాలుష్య పరికరాలన్నీ ఉండాలి, కాబట్టి పైన చెప్పిన సరిచేసుకోవడం అక్కడ కుదరదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే 1968 నుంచి 1974 మధ్యలోది, క్రోమ్ బంపరుతో, ఓవర్‌డ్రైవ్‌తో, అరిజోనా లాంటి పొడి రాష్ట్రంలో పెరిగినది. రంగు వెలిసినా పరవాలేదు.

బ్రిటన్‌లో ఉండేవారికి పాత కారు మరింత కలిసొస్తుంది. నలభై ఏళ్లు దాటి చారిత్రక వాహనంగా నమోదైతే రోడ్డు పన్ను లేదు, కారు రోడ్డుకు తగినట్టుందో చూసే ఎంఓటీ పరీక్ష ఏటేటా తప్పనిసరి కాదు, పొగ ఎక్కువ వదిలే కార్ల మీద లండన్ వేసే యూలెజ్ రుసుమూ పడదు. తప్పనిసరి కాకపోయినా ఎంఓటీ చేయించమనే నా సలహా, కింద నుంచి మరో మనిషి కన్ను పడటం మంచిదే. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలు పెట్రోలు ఈ10గా, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినదిగా, మారింది కాబట్టి ఐదు శాతం దాటని ఈ5 రకమే పోయించాలి.

‘తిరిగి వెళ్లిపోయేటప్పుడు హైదరాబాద్ తీసుకెళ్లిపోతాను’ అనే ఆలోచన మాత్రం లెక్కలోకి తీసుకోకండి. వాడిన కార్ల దిగుమతికి మన దేశపు మామూలు నియమం మూడేళ్లు దాటని, కుడివైపు స్టీరింగ్ ఉన్న కార్లనే రానిస్తుంది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021 నుంచి ప్రత్యేక రిజిస్ట్రేషన్, నంబరులో వీఏ అక్షరాలు వచ్చాయి. కానీ అలా నమోదైనదాన్ని ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. ఇక మియాటాను మాజ్దా అక్కడ అమ్మడమే లేదు.

మూడోది ఒకటుంది

ఇంతదాకా చదివి ఇంకా తేల్చుకోలేనివారికి నా అసలు సిఫారసు ఈ రెంటికీ మధ్యలో ఉంది: 1990 నుంచి 1997 దాకా వచ్చిన మొదటి తరం మియాటా. పైకి లేచే హెడ్‌లైట్ల కారు. మొదట 1.6 లీటర్ల ఇంజిన్‌తో 116 అశ్వశక్తి, 1994 నుంచి 1.8 లీటర్లు. బరువు టన్ను లోపే. పాతిక ఏళ్లు దాటింది కనుక చాలా రాష్ట్రాల్లో పాత కార్ల నంబరు ప్లేటు దొరుకుతుంది. ఎంజీబీలా మనిషితో మాట్లాడుతుంది, అయినా సోమవారం ఉదయం మంచులో కూడా మొదటి తిప్పుకే లేస్తుంది. మంచి ఎంజీబీ ధరకే వస్తుంది. చేతిపని నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి బడి లేదు: టైమింగ్ బెల్టు 60 వేల మైళ్లకు మార్చాలి, కానీ తెగినా వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవదు. ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగు 1994 నుంచి ఉంది, అందుకని ఆ తర్వాతివే చూడండి. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో దీనికీ వెనక చక్రాల ముందు సిల్ తుప్పు పడుతుంది. అయస్కాంతం ఇక్కడికీ తీసుకెళ్లండి.

తేల్చి చెప్పమంటే ఇలా చెబుతాను. వారానికి నాలుగు గంటలు కూడా తీరిక లేని ఉద్యోగం, నిండిపోయిన గ్యారేజీ, తాళం తిప్పగానే కదలాలనే స్వభావం ఉంటే కొత్త మియాటా, మాన్యువల్ గేర్లతో. మూల మోడల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక వెనక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే ఏర్పాటు, ఉండదు, అందుకని దాని పైదైన క్లబ్ రకం తీసుకోండి. పనిముట్ల పెట్టె ఇప్పటికే ఉండి, చెడిన మిక్సీని పారేయకుండా విప్పి చూసే అలవాటు ఉంటే ఎంజీబీ. ఆ అలవాటు ఇంకా రాలేదు కానీ రావాలని ఉంటే మొదటి తరం మియాటా.

ఏది తీసుకున్నా కొనడానికి నవంబరు, డిసెంబరు మంచి నెలలు. చలి మొదలయ్యాక టాప్‌లేని కారును గ్యారేజీలో ఉంచుకోవడం అమ్మేవారికి భారం, ధర దిగుతుంది. పాతదైతే మీరు అనుకున్న మొత్తంలో ఐదో వంతు చేతిలో ఉంచుకుని మిగతాదానికే బేరమాడండి. టైర్లు, గొట్టాలు, బ్యాటరీ, కార్బురేటర్ల పని కలిపితే మొదటి ఆరు నెలల్లో ఆ డబ్బు అవసరం పడుతుంది.